ఆల్ట్ ట్యాబ్ కొట్టీ కొట్టీ విసుగొచ్చింది, కావలసిన విండో నేరుగా వచ్చే దారి ఉందా?

పద్దుల_బాబు
నేను పని చేసేది ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో. జీఎస్టీ రిటర్నుల్లో జీఎస్టీఆర్ 1కి 11వ తేదీ, 3బీకి 20వ తేదీ దగ్గర పడ్డాయంటే నా స్క్రీన్ మీద పద్దులు రాసే ట్యాలీ, నాలుగైదు ఎక్సెల్ ఫైళ్లు, జీఎస్టీ పోర్టల్, క్లయింటు పంపిన బ్యాంకు స్టేట్‌మెంట్ పీడీఎఫ్, వాట్సాప్, మెయిలు, కాలిక్యులేటర్ అన్నీ ఒకేసారి తెరిచి ఉంటాయి, ఏదీ మూసే వీలుండదు. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబరుతో ఆగిపోయిందని ఆఫీసులో 11 వేశారు. అప్పటినుంచి ఎక్సెల్ ఫైళ్లన్నీ టాస్క్‌బార్‌లో ఒకే బొమ్మ కిందకి పోయి కూర్చున్నాయి. ఆల్ట్ ట్యాబ్ కొడితే ట్యాలీ ఒకసారి రెండోది, ఇంకోసారి ఐదోది, దాని లెక్కేంటో నాకు అర్థం కాదు. ఒక అంకె చూసి ఇంకో చోట వేసేలోపు ఆ అంకె మర్చిపోతున్నాను. కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకునే వీల్లేదు, అడ్మిన్ పాస్‌వర్డ్ మా సారు దగ్గరే ఉంటుంది. రెండో మానిటర్ అడిగితే ముందు ఉన్నదాన్ని సరిగా వాడమన్నారు. ఏదైనా దారి చెప్పండి.

ఎలుక_వాహనుడు
మౌసుతో టాస్క్‌బార్ మీద నొక్కితే పోయేదానికి ఇంత కథెందుకు గురూ.

పద్దుల_బాబు
నొక్కితే చిన్న బొమ్మలు ఐదొస్తాయి, ఐదింట్లోనూ తెల్ల గళ్లే. ఏది ఏ క్లయింటుదో ఎలా తెలుస్తుంది అన్నా?

మీటల_మాస్టారు
ఆల్ట్ ట్యాబ్‌కి లెక్క ఉంది బాబూ. అది టాస్క్‌బార్ వరసా కాదు, మీరు తెరిచిన వరసా కాదు. పేకముక్కల కట్ట అనుకోండి, వాడిన ముక్క ఎప్పుడూ పైకొస్తుంది. కాబట్టి ఒక్కసారి కొట్టి వదిలేస్తే ఇంతకుముందు ఉన్న విండోకే పోతారు, ఇంకోసారి కొడితే మళ్లీ ఇక్కడికే. రెండు విండోల మధ్య అటూ ఇటూ తిరగడానికి దాన్ని మించింది లేదు. మూడోది కలిసిందా, తంటా మొదలు. ట్యాలీ నుంచి ఎక్సెల్‌కి, అక్కణ్ణుంచి పోర్టల్‌కి వెళ్తే ట్యాలీ రెండు దెబ్బల దూరంలో ఉంటుంది, మధ్యలో వాట్సాప్ చూశారంటే మూడు. మీకు రెండోదిగా, ఐదోదిగా కనిపించేది అందుకే.

అందుకని జంటగా చేసే పనికి మాత్రమే ఆల్ట్ ట్యాబ్ వాడండి. మిగతా వాటికి విండోస్ మీట పట్టుకుని అంకె నొక్కండి. టాస్క్‌బార్‌లో ఎడమ నుంచి మొదటి ప్రోగ్రాము 1, రెండోది 2, అలా 9 దాకా, పదోదానికి 0. స్టార్ట్, సెర్చ్ బొమ్మలు ఈ లెక్కలోకి రావు. ట్యాలీని ముందుకు జరిపి పిన్ చేస్తే విండోస్+1 ఎప్పటికీ ట్యాలీయే, మీరు మధ్యలో ఎన్ని తిరిగొచ్చినా ఆ స్థానం మారదు. దీనికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, కొత్తగా వేసేదీ లేదు.

ఓరుగల్లు_కోడర్
మాస్టారు చెప్పింది కరెక్టే కానీ బాబు అసలు బాధ అది కాదు కదా. ఎక్సెల్ 2 అనుకో, విండోస్+2 కొడితే ఐదు ఫైళ్లలో ఏదొస్తుంది?

మీటల_మాస్టారు
విండోస్ మీట వదలకుండా 2ని మళ్లీ మళ్లీ నొక్కితే ఒక్కొక్కటీ వస్తుంది. అంత ఓపిక లేకపోతే కంట్రోల్ కూడా కలిపి, అంటే కంట్రోల్+విండోస్+2 కొడితే, ఆ ప్రోగ్రాములో చివర వాడిన విండో నేరుగా ముందుకొస్తుంది. చాలామందికి ఇది తెలియదు. పనిలో పావు వంతు దీంతోనే తేలిపోతుంది.

పాత_లెడ్జరు
ఈ ఎక్సెల్ గొడవ మొదట్నుంచీ ఉన్నది కాదు. 2010 దాకా ఫైళ్లన్నీ ఒకే పెద్ద విండో లోపల ఉండేవి, కంట్రోల్+ట్యాబ్ కొడితే ఒకదాని నుంచి ఇంకోదానికి పోయేవాళ్లం. ఎక్సెల్ 2013లో ఏ ఫైలుకి ఆ ఫైలు విడి విండో చేశారు. రెండు మానిటర్లున్న వాళ్లకి మంచిదే, మనలాంటి వాళ్లకే ఆల్ట్ ట్యాబ్‌లో జనం పెరిగారు. కంట్రోల్+ట్యాబ్ ఇప్పటికీ పని చేస్తుంది, కొట్టి చూడండి, ఎక్సెల్ ఫైళ్ల మధ్యే తిరుగుతుంది, వాట్సాప్ అడ్డం రాదు.

ఇంకో సంగతి. రెండు ఫైళ్లు పోల్చి చూసేదుంటే అసలు విండో మార్చడం దేనికి? వ్యూలో వ్యూ సైడ్ బై సైడ్ ఉంది, పక్కనే సింక్రనస్ స్క్రోలింగ్ కూడా. ఒకటి జరిపితే రెండోది దానంతటదే జరుగుతుంది. కొనుగోళ్ల రిజిస్టరుని జీఎస్టీ పోర్టల్ ఇచ్చే 2బీ స్టేట్‌మెంట్‌తో సరిచూసుకోవడం నేను అలాగే చేస్తాను.

పద్దుల_బాబు
ఇది నాకు తెలియదు పెద్దాయనా, రేపే చూస్తా. కానీ నా మానిటర్ చిన్నది, రెండు పక్కపక్కన పెడితే కాలమ్స్ కనిపించవు.

పాత_లెడ్జరు
పైనా కిందా పెట్టండి. అరేంజ్ ఆల్‌లో హారిజాంటల్ ఎంచుకోండి. మన లెక్కల షీట్లు అడ్డంగానే కదా ఎక్కువ.

శ్రీకాకుళం_చిన్నోడు
విండోస్ 11లో అన్నీ ఒక బొమ్మ కిందకి పోవడానికి మందుంది. సెట్టింగ్స్, పర్సనలైజేషన్, టాస్క్‌బార్, అక్కడ టాస్క్‌బార్ బిహేవియర్స్. కంబైన్ టాస్క్‌బార్ బటన్స్ అన్నచోట నెవర్ పెట్టు. ఒక్కో ఫైలుకి విడిగా బటన్, పక్కనే పేరు. 11 వచ్చిన కొత్తలో, 2021లో, ఈ ఆప్షన్ తీసేశారు, జనం గోల చేశాక 2023లో మళ్లీ ఇచ్చారు.

ఎలుక_వాహనుడు
చూశారా, చివరికి నా మౌసు దగ్గరికే వచ్చారు.

శ్రీకాకుళం_చిన్నోడు
నీ హ్యాండిల్‌కి నువ్వు న్యాయం చేస్తున్నావులే.

పద్దుల_బాబు
పెట్టాను, బటన్లు విడిపోయాయి. కానీ ఫైళ్ల పేర్లన్నీ "పర్చేజ్ రిజిస్టర్ ఏప్రిల్..." అని మొదలవుతాయి, బటన్‌లో ముందు రెండు మాటలే పడుతున్నాయి. అయిదుకి అయిదూ పర్చేజ్ రిజిస్టరే.

ధ్వని
బాబు గారూ, నాకు చూపు లేదు, ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడరుతో పని చేస్తాను. మీకు ఇప్పుడు ఎదురైన ఇబ్బంది మాకు మొదటి రోజు నుంచీ ఉన్నదే. ఆల్ట్ ట్యాబ్ కొడితే ఎన్‌వీడీఏ ఆ విండో టైటిల్ చదువుతుంది. బొమ్మ చూసి పోల్చుకునే అవకాశం మాకు లేదు, వినపడే మొదటి మాటతోనే ఇది కావాలా వద్దా తేల్చుకుని ముందుకు పోవాలి. అన్నీ ఒకే మాటతో మొదలైతే ప్రతిదీ చివరిదాకా వినాలి. అందుకే నా ఫైళ్లలో దేన్ని బట్టి తేడా తెలుస్తుందో ఆ మాట ముందుంటుంది. క్లయింటు పేరు, తర్వాత నెల, ఆఖర్న పర్చేజో సేల్సో. ఫైలు పేరే ఎక్సెల్ టైటిల్ అవుతుంది, అదే టాస్క్‌బార్‌లోనూ వస్తుంది, ఆల్ట్ ట్యాబ్‌లోనూ వస్తుంది.

క్రోమ్‌లో అయితే విండోకే పేరు పెట్టుకోవచ్చు. ట్యాబులకి పైన ఖాళీ చోట కుడి క్లిక్ చేసి నేమ్ విండో అంటే పేరు అడుగుతుంది. నేను ఒకదానికి బ్యాంకు, ఒకదానికి మెయిలు అని పెట్టుకుంటాను. లేకపోతే ప్రభుత్వ సైట్ల టైటిళ్లు వినీ వినీ తల వాచిపోతుంది.

మీటల_మాస్టారు
క్రోమ్‌లో పేరు పెట్టే సంగతి నాకూ కొత్తే. ఇప్పుడే పెట్టి చూశాను, ఆల్ట్ ట్యాబ్‌లో ఆ పేరే వస్తోంది.

గుంటూరు_గళ్లు
ధ్వని గారి మాట ఇక్కడ ఉన్న మిగతా చిట్కాలన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది. పేరు సరిగా లేకుండా ఎన్ని మీటలు నేర్చినా వెతుకులాట తప్పదు. అయితే మా ఆఫీసులో ఫైలు పేరు మారిస్తే లింకులు తెగుతాయి, వేరే షీట్లు ఆ ఫైలు నుంచే లెక్కలు లాక్కుంటాయి. బాబూ, అలాంటివి ఉంటే అన్ని ఫైళ్లూ తెరిచి పెట్టుకుని సేవ్ యాజ్‌తో మార్చు, ఊరికే ఫోల్డర్‌లో రీనేమ్ చేయకు.

ఓరుగల్లు_కోడర్
నాది వేరే పద్ధతి. ఒకే చోట పదిహేను విండోలు పెట్టుకుని వాటిలో వెతకడమే పొరపాటని నా అభిప్రాయం. విండోస్+కంట్రోల్+డి కొడితే కొత్త డెస్క్‌టాప్. ఒక క్లయింటుకి ఒక డెస్క్‌టాప్, వాళ్ల ఎక్సెల్, పీడీఎఫ్, పోర్టల్ అంతా అందులోనే. విండోస్+కంట్రోల్ పట్టుకుని ఎడమ, కుడి బాణాలు కొడితే ఒకదాని నుంచి ఇంకోదానికి పోతావు. ఆల్ట్ ట్యాబ్‌లో ఆ డెస్క్‌టాప్‌లో ఉన్నవే వస్తాయి కాబట్టి మూడు నాలుగుకి మించవు. 2015లో విండోస్ 10తో వచ్చింది ఇది, పదేళ్లు దాటినా వాడేవాళ్లు ఎంతమంది?

గుంటూరు_గళ్లు
వాడాను, మానేశాను. ఏ డెస్క్‌టాప్‌లో ఏముందో గుర్తుపెట్టుకోవడం ఇంకో ఉద్యోగం. పైగా వాట్సాప్ ఒక డెస్క్‌టాప్‌లో ఉండిపోతుంది, మెసేజ్ మీద నొక్కితే మనల్ని అక్కడికి లాక్కెళ్లి పడేస్తుంది.

ఓరుగల్లు_కోడర్
విండోస్+ట్యాబ్ కొట్టి, వాట్సాప్ మీద కుడి క్లిక్ చేసి, షో దిస్ విండో ఆన్ ఆల్ డెస్క్‌టాప్స్ అను. ఎక్కడికి పోయినా అది నీతోనే వస్తుంది. కాలిక్యులేటర్‌కీ అదే చెయ్యి. డెస్క్‌టాప్‌లకి పేర్లు కూడా పెట్టుకోవచ్చు, పేరు మీద నొక్కితే చాలు.

గుంటూరు_గళ్లు
అయినా సరే. ఒకటో డెస్క్‌టాప్‌లో ట్యాలీ తెరిచి ఉంటే రెండోదాంట్లో ఏం చేయాలి, మళ్లీ ఇంకో ట్యాలీ తెరవాలా? మీ కోడింగ్ పనికి సరిపోతుందేమో, మా పనికి ట్యాలీ అన్నిటికీ ఉమ్మడి.

ఓరుగల్లు_కోడర్
ట్యాలీని కూడా అన్ని డెస్క్‌టాప్‌లలో చూపించమను. చెప్పాగా.

గుంటూరు_గళ్లు
మాకు ట్యాలీయే కదయ్యా ముఖ్యం, అన్నిట్లో అదే ఉంటే ఇక వేర్వేరు డెస్క్‌టాప్‌లెందుకు 😀

పాత_లెడ్జరు
ట్యాలీ మాట వచ్చింది కాబట్టి. చాలామంది వోచరు మధ్యలో ఏదో లెడ్జరు చూడాలని రెండో ట్యాలీ తెరుస్తారు, లేదా ఎంట్రీ వదిలేసి బయటికొస్తారు. ట్యాలీప్రైమ్‌లో ఆ అవసరం లేదు. ఎంట్రీ మధ్యలో ఆల్ట్+జి కొట్టి రిపోర్టు పేరు టైపు చేస్తే దాని మీదే తెరుచుకుంటుంది, చూసుకుని ఎస్కేప్ కొడితే ఎంట్రీ ఎక్కడ వదిలామో అక్కడే ఉంటుంది. రెండు కంపెనీలు ఒకే ట్యాలీలో లోడ్ చేసి ఎఫ్3తో మారొచ్చు. విండోలు తగ్గించుకోవడం కూడా విండోలు మార్చడంలో భాగమే.

పద్దుల_బాబు
మా సారు ఇప్పటికీ రెండు ట్యాలీలు తెరుస్తారు. ఆల్ట్+జి చూపిస్తే నన్నే అనుమానంగా చూస్తారు.

సగం_ర్యామ్
అందరూ మీటలు చెబుతున్నారు, మెషీన్ ఏంటని ఒక్కరూ అడగలేదు. 4 జీబీ ర్యామ్ మీద ఇవన్నీ తెరిస్తే, కాసేపు వాడని విండోని విండోస్ డిస్క్ మీదకి తోసేస్తుంది. నువ్వు ఆల్ట్ ట్యాబ్ కొట్టినప్పుడు దాన్ని మళ్లీ డిస్క్ నుంచి లాక్కురావాలి, పాత హార్డ్ డిస్క్ అయితే స్క్రీన్ తెల్లబడి నిలబడిపోతుంది. అప్పుడు మనం మీట పడలేదనుకుని మళ్లీ కొడతాం, ఇంకో విండోకి పోతాం. కంట్రోల్+షిఫ్ట్+ఎస్కేప్ కొట్టి మెమరీ ఎంత నిండిందో చూడు ముందు.

పద్దుల_బాబు
8 జీబీ, ఎస్ఎస్‌డీ. స్పీడు బాగానే ఉంది, నా చేతులే స్పీడు లేవు.

ఎలుక_వాహనుడు
మా ఆఫీసులో ఆల్ట్ ట్యాబ్ ఒక్కదానికే అందరూ ఎక్స్‌పర్టులు, మేనేజరు వస్తుంటే క్రికెట్ స్కోరు నుంచి ఎక్సెల్‌కి పోవడంలో. ఆ స్పీడు మిగతా టైములో కనపడదు.

మీటల_మాస్టారు
దానికి కూడా మాస్టారు సలహా: ఒక్క దెబ్బకి ఎక్సెలే రావాలంటే స్కోరుకి ముందు ఎక్సెల్‌లో ఉండాలి. మెయిలు చూసి స్కోరుకి పోయినవాడికి మెయిలే వస్తుంది. అందుకే విండోస్+2.

డాలస్_కోడలు
మ్యాక్ వాడేవాళ్లు ఎవరూ లేరా ఇక్కడ? ఇండియాలో ఉన్నన్నాళ్లూ విండోసే, ఇక్కడ ఆఫీసులో మ్యాక్ ఇచ్చారు. కమాండ్+ట్యాబ్ కొడితే విండోలు రావు, ప్రోగ్రాములొస్తాయి. మూడు ఎక్సెల్‌లు ఉంటే ఒకే బొమ్మ. వాటి మధ్య తిరగడానికి ఇంకో మీట అట, కమాండ్ పట్టుకుని ట్యాబ్ పైనున్న మీట. అలవాటవ్వడం లేదు.

ఓరుగల్లు_కోడర్
మ్యాక్ లెక్క మొదట్నుంచీ అంతే అక్కా, ముందు ప్రోగ్రాము, తర్వాత దాని విండో. రెండు మెట్లు. నిజానికి బాబుకి మాస్టారు చెప్పిన విండోస్+2, ఆ తర్వాత మళ్లీ 2 కూడా అదే పద్ధతి. కంట్రోల్+పై బాణం కొడితే మిషన్ కంట్రోల్, ఉన్న విండోలన్నీ పరుచుకుంటాయి. కంట్రోల్+కింది బాణం కొడితే ఆ ప్రోగ్రామువి మాత్రమే. అదే వాడండి మీరు.

డాలస్_కోడలు
ఇంకోటి, పసుపు బటన్‌తో కిందకి దించేసిన విండో కమాండ్+ట్యాబ్‌తో పైకి రాదు. బొమ్మ మీదకి పోతుంది, పైన ప్రోగ్రాము పేరు మారుతుంది, విండో మాత్రం రాదు. ఎందుకని?

ఓరుగల్లు_కోడర్
దించేసినవి అలా పైకి రావు. కమాండ్ వదిలే ముందు ఆప్షన్ మీట కూడా పట్టుకోండి, అప్పుడు వస్తుంది. అసలు పసుపు బటన్ మానేసి కమాండ్+హెచ్‌తో దాచేయండి, అలా దాచినది మామూలు కమాండ్+ట్యాబ్‌కే వచ్చేస్తుంది.

డాలస్_కోడలు
వచ్చింది!! ఇన్నాళ్లూ డాక్‌లో వెతుక్కుంటున్నాను తమ్ముడూ.

పెంగ్విన్_ప్రసాదు
లినక్స్‌లో వాడే నోమ్ డెస్క్‌టాప్‌లో కూడా మ్యాక్ లాగే ప్రోగ్రాముల లెక్కే, కాకపోతే నచ్చకపోతే మార్చుకోవచ్చు. కీబోర్డు షార్ట్‌కట్స్‌లో స్విచ్ విండోస్ అనేదానికి ఆల్ట్+ట్యాబ్ ఇచ్చేస్తే సరి. లేదా ఐ3 వాడండి, విండోలు ఒకదాని మీద ఒకటి పడటమే ఉండదు, మొత్తం కీబోర్డుతోనే.

పద్దుల_బాబు
అన్నా, ట్యాలీ?

పెంగ్విన్_ప్రసాదు
లినక్స్ మీద విండోస్ ప్రోగ్రాములు నడిపే వైన్‌తో...

ఎలుక_వాహనుడు
వద్దు ప్రసాదూ, 20వ తేదీ ముందు బిడ్డని వదిలెయ్.

నెల్లూరు_నైట్‌షిఫ్ట్
బ్రౌజర్ లోపలి ట్యాబుల సంగతి ఎవరూ చెప్పలేదు. సగం టైము పోయేది అక్కడే. క్రోమ్‌లో కంట్రోల్+1 నుంచి 8 దాకా ఆ వరసలో ఉన్న ట్యాబ్, కంట్రోల్+9 అంటే ఎన్ని ఉన్నా చివరిది. కంట్రోల్+షిఫ్ట్+ఎ కొడితే తెరిచిన ట్యాబుల్లో పేరుతో వెతకొచ్చు, నాలాగా నలభై ట్యాబులు పెట్టుకునేవాళ్లకి అదే దిక్కు. ఫైర్‌ఫాక్స్‌లో అయితే కంట్రోల్+ట్యాబ్‌ని కూడా ఇటీవల వాడిన వరసలో తిరిగేలా సెట్టింగ్స్‌లో పెట్టుకోవచ్చు, మాస్టారు చెప్పిన పేకముక్కల లెక్క అక్కడ ట్యాబులకి వస్తుందన్నమాట.

శ్రీకాకుళం_చిన్నోడు
ఎడ్జ్ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. దాని ట్యాబులు ఆల్ట్ ట్యాబ్‌లోకి కూడా వచ్చి కూర్చుంటాయి, 2020 అక్టోబరు అప్‌డేట్‌తో మొదలైంది ఈ తద్దినం. సెట్టింగ్స్, సిస్టమ్, మల్టీటాస్కింగ్‌లో డోంట్ షో ట్యాబ్స్ అని పెడితే పోతాయి.

పద్దుల_బాబు
అదా సంగతి! నాది ఎడ్జే. ఐదోది ఆరోది అవుతున్నది అందుకన్నమాట. పెట్టాను, ఆల్ట్ ట్యాబ్ సగమైంది. ట్యాలీ 1, ఎక్సెల్ 2, బ్రౌజర్ 3 చేశాను. ఫైళ్ల పేర్లు ధ్వని గారు చెప్పినట్టు ఈ నెల కొత్త వాటితో మొదలుపెట్టాను, పాతవి ముట్టుకోలేదు. డెస్క్‌టాప్‌ల సంగతి తర్వాత చూస్తా.

మీటల_మాస్టారు
ఇంకొక్కటి చేర్చుకోండి. కంట్రోల్+ఆల్ట్+ట్యాబ్ కొడితే చేతులు తీసేసినా ఆ బొమ్మల వరస స్క్రీన్ మీద నిలబడి ఉంటుంది, బాణాలతో తీరిగ్గా ఎంచుకుని ఎంటర్ కొట్టొచ్చు. ఆ వరసలో ఉండగానే డిలీట్ నొక్కితే అక్కర్లేని విండో మూసుకుపోతుంది.

పాత_లెడ్జరు
విస్టాలో విండోస్+ట్యాబ్ కొడితే విండోలన్నీ ఏటవాలుగా ఒకదాని వెనక ఒకటి నిలబడేవి, గుర్తుందా ఎవరికైనా? పనికి రాలేదు కానీ చూడ్డానికి బ్రహ్మాండంగా ఉండేది. విండోస్ 8లో తీసేశారు.

తెనాలి_టైపిస్టు
నాదీ విండో మార్చడంలో వచ్చే తంటాయే కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. డీటీపీ సెంటర్ మాది. పేజ్‌మేకర్‌లో "అను" అనే తెలుగు ఫాంట్లు, అక్కడ విండోస్ కీబోర్డు ఇంగ్లిషులో ఉండాలి. బ్రౌజర్‌లో యూనికోడ్ తెలుగు కావాలి. ఆల్ట్ ట్యాబ్ కొట్టిన ప్రతిసారీ భాష కూడా మార్చుకోవాలి, మర్చిపోతే ఒక లైను చెత్త పడుతుంది. పైగా వెనక్కి పోదామని ఆల్ట్+షిఫ్ట్+ట్యాబ్ కొట్టబోతే, ట్యాబ్ సరిగా పడకపోతే విండో మారదు, భాష మారిపోతుంది!

ధ్వని
మొదటిదానికి సెట్టింగ్ ఉంది. టైమ్ అండ్ లాంగ్వేజ్, టైపింగ్, అడ్వాన్స్‌డ్ కీబోర్డు సెట్టింగ్స్. అక్కడ ఒక్కో విండోకి వేరే ఇన్‌పుట్ పద్ధతి వాడనివ్వమని టిక్కు పెట్టండి. పేజ్‌మేకర్ ఇంగ్లిషు గుర్తుపెట్టుకుంటుంది, బ్రౌజర్ తెలుగు గుర్తుపెట్టుకుంటుంది. విండోస్ 7 దాకా అది మామూలుగానే ఉండేది, 8 నుంచి అన్నిటికీ ఒకే భాష చేశారు.

రెండోదానికి కూడా అక్కడే, కింద ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్ అని ఉంటుంది. చేంజ్ కీ సీక్వెన్స్‌లో నాట్ అసైన్డ్ పెట్టేస్తే ఆల్ట్+షిఫ్ట్ ఇక భాష జోలికి రాదు. భాష మార్చడానికి విండోస్+స్పేస్ ఎలాగూ ఉంటుంది.

తెనాలి_టైపిస్టు
రెండూ పెట్టాను. పేజ్‌మేకర్, క్రోమ్ మధ్య తిరిగి చూశాను, దేని భాష దానికి ఉంది. మా షాపులో మిగతా సిస్టమ్స్‌కీ పెట్టేస్తా. ఇంకో చిన్న డౌటు, నాకు తెలుగులోనే ఇన్‌స్క్రిప్టూ ఫొనెటిక్కూ రెండు కీబోర్డులూ ఉన్నాయి, విండోస్+స్పేస్ కొడితే మూడూ తిరిగి రావాలా?

మీటల_మాస్టారు
విండోస్+కంట్రోల్+స్పేస్ కొట్టండి. ఇంతకుముందు వాడినదానికి నేరుగా పోతుంది.